నాకన్నా ముందు లేచిన చెయ్యి

మా ఉద్దానంలో తోటకు వెళ్ళే మనిషి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. అది ఏమిటో చూస్తే ఆ మనిషి సంగతి నాకు సగం తెలిసిపోతుంది. దాలెయ్య గొడ్డలి పట్టుకెళ్తాడు. ఎలుగుబంటి మీదికి వస్తే గొడ్డలి ఎత్తే వ్యవధి ఉండదని అతనికీ తెలుసు. కానీ భుజం మీద బరువుంటే అతనికి ధైర్యం. తులసమ్మ కొంగున కారం పొట్లం కట్టుకుంటుంది. గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా అడుగు వెయ్యదు. నా భార్య పుణ్యవతి పాత పాలడబ్బాలో జీడిపిక్కలు వేసి గలగలలాడించుకుంటూ నడుస్తుంది. మనిషి వస్తున్నట్టు ముందే తెలిస్తే ఎలుగు తప్పుకుంటుందని ఆమె నమ్మకం. నాది సరుగుడు కర్ర. నా చెవి ఎత్తు. జీడి జిగురంటిన చేత్తో పట్టినా జారకుండా పిడి దగ్గర గోనెనార చుట్టుకున్నాను. సంచిలో ఉన్నది ఆయుధం కాదు, చేతిలో ఉన్నదే ఆయుధం. నాకు తెలిసిన విద్య అంతే.

ఎలుగు మొగలి పొదల్లోంచి వస్తుంది. వెనక కాళ్ళ మీద లేచి నేరుగా ముఖం మీదికే వస్తుంది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ముఖం సరిగా లేని మనుషులు ఉన్నారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు మేము ఎక్కడ చూడాలో చిన్నప్పుడే నేర్చుకుంటాం.

ఆ ఏడు జీడి పూత మీద ఉండగా విశాఖపట్నం నుంచి ఒక పరిశోధనశాల వాళ్ళు వచ్చారు. పెద్దామె పేరు సుభాషిణి. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, అయినా ఊరంతా డాట్రమ్మ అనే పిలిచింది. ఆమె తెచ్చింది చేతికి కట్టే పట్టీ. మోచేతి కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో సన్నటి తీగ. చూడ్డానికి బెణికిన చేతికి కట్టు కట్టినట్టు ఉంటుంది. అందుకని మేము దాన్ని కట్టు అనే అన్నాం. దానితోపాటు మూరెడు పొడవు లోహపు కర్ర ఒకటి. ఆ కర్ర పిడికిట్లో ఉన్నప్పుడే కట్టు పనిచేస్తుంది.

బడి ఆవరణలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కట్టు కట్టి, కర్ర చేతికిచ్చి, "ఊరికే కూర్చోండి. మీరేమీ చెయ్యనక్కర్లేదు" అంది.

కూర్చున్నాను. ఎదురుగా ఉన్న దాలెయ్య కళ్ళు నా తల వెనక్కి పోయాయి. నాకు తెలిసింది అంతవరకే. మళ్ళీ తెలిసేసరికి నా చెయ్యి గాలిలో ఉంది. వెనకనుంచి ఎవరో విసిరిన ఎండు కొబ్బరిమట్ట రెండు ముక్కలై నా కాళ్ళ దగ్గర పడి ఉంది. గుండెదడ అప్పుడు మొదలైంది. దెబ్బ అయిపోయిన తరవాత భయం వచ్చింది.

"నాను కొట్టనేదమ్మా" అన్నాను.

ఊరంతా నవ్వింది. "మరెవులు కొట్టినారు, మీ తాతా?" అన్నాడు దాలెయ్య.

సుభాషిణి నవ్వలేదు. "మీరే కొట్టారు డిల్లేశుగారూ. కొట్టమన్న కబురు మీ లోపల బయలుదేరి నరంలో వస్తుంది. పట్టీ ఆ కబురును దారిలోనే విని కండని తనే లాగుతుంది. మీకు తెలిసి, మీరు సరే అనేదాకా ఆగదు. ఎలుగు ముందు ఆ కాస్త ఆలస్యమే కదా ప్రాణం తీసేది" అంది.

కబురు పంపింది నేనైతే, నాకు తెలియకపోవడం ఏమిటని అడుగుదామనుకున్నాను. అంతమందిలో అడగలేకపోయాను. తరవాత చాలా రోజులు ఆ ప్రశ్నే నన్ను గానుగెద్దులా తిప్పింది.

పిందె గట్టిపడే వేళకు, కట్టు కట్టుకున్న తులసమ్మ మీదికి ఎలుగు లేచింది. ఆమె అరవడానికి నోరు తెరిచేలోపే దాని మూతి మీద దెబ్బ పడింది. అది మూలుగుతూ పొదల్లోకి పోయింది. తులసమ్మ చెంప మీద దాని ఊపిరి తడి మాత్రం మిగిలింది. ఆ మర్నాటి నుంచి కట్టు వద్దన్నవాళ్ళు లేరు, పుణ్యవతి తప్ప.

"నా సెయ్యి నా మాట ఇంటే సాలయ్యా. ఇంకెవలి మాటా ఇనక్కర్నేదు" అంది.

నేను మాత్రం తీసుకున్నాను. సరుగుడు కర్ర అటకెక్కింది.

మనుషులు మారడం నేను మెల్లగా చూశాను. ఎలుగు కోసం తీసుకున్న లోహపు కర్ర టీ బడ్డీకి వచ్చింది. దారిలో కుక్కలున్నాయన్నారు. రేషను కొట్టుకు వచ్చింది. గట్టున పాములన్నారు. తరవాత ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ అడగలేదు. బడ్డీ ముందు బల్ల మీద నలుగురు కూర్చునే చోట ఇద్దరు కూర్చున్నారు. భుజం మీద చరిచి పలకరించే అలవాటు పోయింది. ఎవరి దగ్గరికైనా ఎదురుగానే వెళ్ళడం, దూరం నుంచే పేరు పెట్టి పిలవడం, జవాబు వచ్చాకే అడుగు వెయ్యడం. ఊళ్ళో తగాదాలు తగ్గాయని కొందరు సంబరపడ్డారు. నిజమే, తగ్గాయి. కానీ తగాదా పడాలన్నా ముందు మనిషి దగ్గరికి రావాలి కదా.

ఇవన్నీ తెలియనివాడు ఒక్కడే, లోకనాథం. పుణ్యవతికి తమ్ముడు, నాకు బావమరిది. కొబ్బరి దింపు పని. కట్టు మా ఊరికి రాకముందే భవనాల పనికని చెన్నై వెళ్ళాడు.

నాకూ అతనికీ మొదటినుంచీ పరాచికాలు. బావా బావమరుదుల మధ్య అది హక్కు, ఎవరూ కాదనరు. నేను పెళ్ళిపీటల మీద ఉండగానే నా చెప్పులు దాచి నన్ను ఊరంతా చెప్పుల్లేకుండా నడిపించాడు. అతను చెట్టెక్కినప్పుడు కింద విప్పిపెట్టిన చొక్కా లుంగీ నేను పట్టుకుపోయాను. పొద్దుగూకేదాకా చెట్టు దిగలేక కూర్చున్నాడు. అన్నిటికన్నా అతనికి ఇష్టమైనది ఒకటుంది. ఎలుగులా గుర్రుమంటూ వెనకనుంచి వచ్చి నా నడుం పట్టుకోవడం. ఎన్నేళ్ళుగానో అదే ఆట. ప్రతిసారీ ఉలిక్కిపడతాను, ప్రతిసారీ తిడతాను, ఇద్దరం నవ్వుతాం.

పిక్కలు రాలే రోజుల్లో ఒక ఉదయం అతను బస్సు దిగి మా ఇంటికే వచ్చాడట. "బావెక్కడప్పా?" అని అక్కను అడిగితే "తోటలో ఉన్నాడు, బేగి పిల్చుకు రా, టీ పెడతాను" అందట పుణ్యవతి. తమ్ముడు వచ్చిన ఆనందంలో ఆమెకు ఇంకో మాట తోచలేదు.

జీడిమామిడి ఆకుల కొసల మీద ఎండ అప్పుడే పడుతోంది. నేను వంగి ఎడమచేత్తో రాలిన పిక్కలు ఏరుతున్నాను. కుడిచేతిలో కర్ర. వెనక మొగలి పొదల్లో గుర్రుమంది. ఎలుగు ఊపిరిలో ఒక తడి ఉంటుంది. ఇందులో అది లేదు, నవ్వు ఉంది. నా చెవికి తెలిసింది. ఈ మాట ఎక్కడైనా ఒట్టేసి చెప్తాను. "ఒరే లోకా" అందామని నోరు తెరిచాను. "ఒరే" వరకే వచ్చింది. అప్పటికే చెయ్యి వెళ్ళిపోయింది.

లోకనాథం నవ్వు ముఖంతోనే కూలబడ్డాడు. ఆ ముఖం మీంచి నవ్వు పోవడానికి కొంచెంసేపు పట్టింది. నేను కర్ర పారేసి అతన్ని పట్టుకున్నాను. అతను నన్ను చూడలేదు, నా చేతికున్న కట్టు వైపు చూశాడు.

"ఇదేటి బావా?" అన్నాడు.

ఎడమకన్ను పోయింది. ఆస్పత్రిలో చెయ్యగలిగింది చేశారు. కొబ్బరి దింపేవాడికి రెండు కళ్ళూ కావాలి. ఒంటికన్నుతో గెల ఎంత దూరంలో ఉందో తెలియదు, కత్తి ఎక్కడ పడుతుందో తెలియదు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కన బల్ల మీది గ్లాసు కోసం చెయ్యి చాపి గాలిని పట్టుకున్నాడు. మళ్ళీ చాపాడు. నేను అందించబోతే, "వొద్దు, ఉండనీ" అన్నాడు.

తరవాత నెమ్మదిగా అడిగాడు. "బావా, నువ్వా కొట్టినావు, అదా కొట్టినాది?"

నేను కుడిచేతిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఇన్నేళ్లు బయపెట్టినాను. ఒక్కసారైనా సెయ్యెత్తినావేటి? నేదు కదా. మరి అదే అయ్యుండాల. అలగని సెప్పు."

"నాకు తెల్దురా."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతన్ని వాళ్ళింటికి తీసుకొచ్చాక నేను గుమ్మంలోకి వెళ్తే లోపలినుంచే అన్నాడు: "జవాబు తెచ్చుకొని రా బావా. కట్టయితే కట్టు అను, నమ్ముతాను. నువ్వయితే నానేనని సెప్పు, ఏడుస్తాను. తెల్దంటే మాత్రం నా గుమ్మం తొక్కకు. తెల్దన్నోడి పక్కన ఎలా కూకుంటాం?"

పుణ్యవతి మా ఇంట్లో వండేది, తమ్ముడింట్లో తినేది. నాతో మాట్లాడటం మానలేదు, కానీ మాటలు పనికి సరిపడా ఉండేవి. "కట్టుందని ఒక్క మాట సెప్పినాను కాను" అని పొయ్యితో అనేది. నాతో అనేది కాదు.

దాలెయ్య బడ్డీ దగ్గర నాకు ధైర్యం చెప్పాడు. "కట్టు కొట్టినాది, నీదేటి తప్పు? దానికి లోకనాథం ఎవులో ఏటి తెల్సు?" ఆ మాట వింటున్నంతసేపూ బాగుంది. ఇంటికి వచ్చి అన్నం కలుపుతూ కుడిచెయ్యి చూసుకుంటే బాగోలేదు. అదే చెయ్యి. అన్నం కలుపుతోంది. నేను కలపమన్నానా, అదే కలుపుతోందా? ముద్ద సగంలో ఆపి చూశాను. ఆగింది. ఆగమన్నది ఎవరు? ఇలా ఆలోచిస్తే పిచ్చెక్కుతుందని తెలిసి కూడా ఆలోచించేవాణ్ణి. చెప్పు తొడుక్కుంటూ, పశువుకు గడ్డి వేస్తూ, నా చేతినే కాపలా కాసేవాణ్ణి.

సంగతి తెలిసి సుభాషిణి వచ్చింది. లోకనాథం ముందు కింద కూర్చుంది. "మా దగ్గరికి రండి. ఆ రోజు జరిగింది చూపించలేను. చెయ్యి ఎలా పనిచేస్తుందో మాత్రం చూపించగలను" అంది.

"జవాబు దొరుకుతాదా?" అన్నాడు లోకనాథం.

"ఎంతవరకు దొరుకుతుందో నాకూ తెలియదు."

"ఈయమ్మా తెల్దనే" అన్నాడు. కానీ వచ్చాడు. జీపులో నేను ముందు కూర్చుంటే అతను వెనక, పుణ్యవతి అతని పక్కన.

పరిశోధనశాల అంటే ఏదో ఊహించుకున్నాను. తెల్లగోడల గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. బల్ల మీద రెండు చిన్న దీపాలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. నా చేతికి కట్టు కట్టింది. ఈసారి కర్ర లేకపోయినా అది వింటుంది గాని, లాగదట. కొట్టాలన్న కబురు బయలుదేరితే ఎర్రది వెలుగుతుంది. లోపలినుంచే వద్దని ఇంకో కబురు వచ్చి దాన్ని వెనక్కి పిలిస్తే నీలం వెలిగి, ఎర్రది ఆరుతుంది.

గదిలో ఎవరో కుర్చీ జరిపారు. ఎరుపు, నీలం. కన్ను మూసి తెరిచేంతలో అయిపోయింది. నా చెయ్యి బల్ల మీదే ఉంది. నాకు ఏమీ అనిపించలేదు.

"నానేటీ అనుకోనేదమ్మా" అన్నాను.

"అవును. మీకు తెలియదు. ఎవరికీ తెలియదు" అంది.

పుణ్యవతి వచ్చి నా చొక్కా కాలరు సరిచేసింది. ఎరుపు, నీలం.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నా మీదా? ఇన్నేళ్లు వండి పెట్టినాను, నా మీదా లేస్తన్నాది నీ సెయ్యి?"

"నాకు తెల్దే, నా ఒట్టు."

"ఏదీ, నాకు కట్టమ్మా" అని కుర్చీలో కూర్చుంది. నేను ఇంకా ఆమెకు ఎదురుగా సరిగ్గా నిలబడలేదు, ఎర్రదీపం వెలిగింది. నీలం. మళ్ళీ ఎరుపు. నీలం. నేను దగ్గితే ఎరుపు.

లోకనాథం నోట్లోంచి చిన్న నవ్వు వచ్చింది. తోటలో ఆ ఉదయం తరవాత అదే మొదటిది. "అప్పా, నీది మా బావ కన్నా బాగా ఎలిగినాది" అన్నాడు. తరవాత తను నవ్వినందుకు తనకే కోపం వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు.

సుభాషిణి బల్ల అంచు పట్టుకొని నిలబడి ఉంది. "ఊళ్ళకు ఇచ్చేముందు మా దగ్గర ఎరుపు ఒక్కటే ఉండేది. కబురు ఎంత తొందరగా వినగలం అన్నదే చూశాం. వెనక్కి పిలిచే కబురు ఇంకొకటి ఉంటుందని ఎవరూ వెతకలేదు. ఎలుగు ముందు దానితో పనేముంది? మీ సంగతి విన్నాక వెతికాం" అంది. బల్ల అంచు వదిలి, "ఇంట్లో నేనూ కట్టుకొని చూసుకున్నాను. మా అమ్మకి అన్నం తినిపిస్తున్నాను. ఎరుపు వెలిగింది. మా అమ్మ ముందు. అప్పటినుంచి ముద్ద పెట్టేముందు నా చేతిని ఒకసారి చూసుకుంటున్నాను" అంది.

ఆమెను తిడదామని వచ్చినవాణ్ణి, ఆ మాట ఎటు పోయిందో నాకు దొరకలేదు.

తరవాత కట్టు మళ్ళీ నాకే కట్టి కూర్చోబెట్టి, లోకనాథాన్ని నా వెనక నిలబడమంది. అతను గుర్రుమనలేదు. వచ్చి ఊరికే నిలబడ్డాడు. అతని ఊపిరి నా మెడకు తగిలింది. ఎరుపు. అతను చూశాడు. నీలం. అదీ చూశాడు.

"అంటే బయపెట్టినప్పుడల్లా ఈయన సెయ్యి నా మీదికి లేసినాదన్నమాట" అన్నాడు.

"లేచింది. ప్రతిసారీ మళ్ళీ ఆగింది కూడా" అంది సుభాషిణి. "పట్టీ చేసిందల్లా ఎరుపును పట్టుకుపోవడమే. నీలం వచ్చేదాకా ఉండలేదు."

"ఆ పొద్దు నీలం వచ్చేదేనా?"

"వచ్చేదనే నా నమ్మకం. కానీ పట్టీ ముందే లాగేసింది కదా. రాని దీపం గురించి నేను ఒట్టేసి చెప్పలేను."

"అయితే నాను ఎవుల్ని అడగాల?" అన్నాడు లోకనాథం. ఆ గొంతులో కోపం లేదు. దారి తప్పిన మనిషి అడిగినట్టు అడిగాడు.

నేను లేచి అతనికి ఎదురుగా నిలబడ్డాను. ఎక్కువ మాటలు నాకు రావు. వచ్చినవి చెప్పాను. "మొదలెట్టినది నానే లోకా. తప్పు కట్టు మీద ఎట్టను. ఆపుదునా అంటే, ఆపుదుననే నాకనిపిస్తాది. నోట్లో నీ పేరున్నాది. కానీ తెల్దు. నువ్వు వొద్దన్న మాటే ఇది. నా కాడ ఇంకోటి నేదు."

అతను చాలాసేపు నా కుడిచెయ్యి చూశాడు. అప్పుడు కుర్చీలో కూర్చొని, చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాక్కట్టమ్మా" అన్నాడు.

సుభాషిణి కట్టింది. లోహపు కర్ర కూడా చేతికిమ్మన్నాడు. ఆమె నావైపు చూసింది. నేను ఇవ్వమన్నాను. కట్టు లాగదు, అయినా లోకనాథం చెయ్యి లోకనాథానిదే. కొబ్బరి కత్తి పట్టిన చెయ్యి అది.

అతనికి ఎదురుగా రెండో కుర్చీలో కూర్చున్నాను.

ఎర్రదీపం వెలిగింది. నీలం కోసం చూశాం. రాలేదు. ఇంకా చూశాం. అతని చెయ్యి లేవలేదు, ఎరుపు ఆరలేదు. కబురు బయలుదేరి, కొట్టక, వెనక్కి పోక, ఎక్కడో మధ్యలో నిలబడిపోయింది.

"ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు" అంది సుభాషిణి మెల్లగా. "డిల్లేశుగారూ, కొంచెం వెనక్కి జరగండి."

పుణ్యవతి తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. ఎవరి భుజం మీద వెయ్యాలో తెలియనట్టు ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

నేను కుర్చీ ముందుకు జరిపాను. నా మోకాళ్ళు అతని మోకాళ్ళకు తగిలాయి. ఇప్పుడు నా ముఖం అతని కర్రకు అందుతుంది.

"ఆరట్నేదు బావా" అన్నాడు లోకనాథం. "నానేటీ సెయ్యట్నేదు. అదే ఆరట్నేదు."

"తెల్సు" అన్నాను. "ఆరే దాకా కూకుంటాను."

సుభాషిణి గోడ దగ్గరికి వెళ్ళి దీపాల స్విచ్చి మీద వేలు పెట్టింది, నొక్కలేదు. నేను దీపం వైపు చూడటం మానేశాను. అతనికి మిగిలిన కంటివైపే చూస్తూ కూర్చున్నాను.